డీజిల్ పికప్ ట్రక్కు: మోడల్ సంవత్సరం ఎంపిక

డీజిల్ పికప్ కొనేటప్పుడు ఏ సంవత్సరపు మోడల్ తీసుకోవాలన్నది సంగారెడ్డి జిల్లా తెల్లాపూర్, రామచంద్రాపురం, పటాన్‌చెరు పరిసరాల్లోని చిన్న రవాణాదారులకు పెద్ద నిర్ణయం. ముందు క్యాబిన్, వెనక సరుకు బాడీ ఉండి, లోడుతో కలిపి మొత్తం బరువు 3,500 కిలోలకు మించని వాహనాన్ని ఈ వ్యాసంలో పికప్ అంటున్నాం. మోటారు వాహన నియమావళిలో ఇది ఎన్-1 వర్గంలోకి వస్తుంది. మహీంద్రా బొలెరో పికప్, టాటా యోధ, టాటా ఇంట్రా, అశోక్ లేలాండ్ దోస్త్ ఈ ప్రాంతంలో ఎక్కువగా తిరిగే బండ్లు. అంతకంటే చిన్నదైన టాటా ఏస్ కూడా ఇదే వర్గానిది.

ధర, తిరిగిన కిలోమీటర్లు, టైర్ల అరుగుదల కొనేవాళ్లందరూ చూస్తారు. వాటన్నిటికంటే ముందు చూడవలసింది ఆ బండి ఏ ఉద్గార ప్రమాణం (భారత్ స్టేజ్, అంటే బీఎస్) కింద తయారైందన్నది. ఇంజిన్ నిర్మాణం, మరమ్మతు ఖర్చు, బండి ఏ దారికి సరిపడుతుందన్నది దానినిబట్టే ఉంటాయి. సంవత్సరం అంకె ఆ ప్రమాణానికి గుర్తు మాత్రమే, ఆ గుర్తు కొన్నిసార్లు తప్పుదారి పట్టిస్తుంది కూడా.

మూడు తేదీలు

వాడుకలో 'మోడల్' అన్న ఒక్క మాటతో మూడు వేర్వేరు తేదీలను సూచిస్తారు. బండి ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చిన నెల, సంవత్సరం తయారీ తేదీ. రవాణా శాఖ నంబరు ఇచ్చిన రోజు రిజిస్ట్రేషన్ తేదీ. కంపెనీ ఒక రూపాన్ని, ఇంజిన్‌ను బజారులోకి తెచ్చిన సంవత్సరం మూడోది. 2022 నవంబరులో తయారై షోరూం యార్డులో నిలిచి, 2023 ఫిబ్రవరిలో రిజిస్టర్ అయిన బండిని అమ్మేవారు 2023 మోడల్ అంటారు, కొనేవారు 2022 అంటారు. ఆర్‌సీలో రెండు తేదీలూ ఉంటాయి కాబట్టి బేరం మొదలుకాకముందే వాటిని విడివిడిగా చదవాలి.

బీమా విలువను లెక్కించడంలోనూ వయసుదే కీలక పాత్ర. పాత మోటారు టారిఫ్ పట్టిక ప్రకారం ఏడాది దాటి రెండేళ్లలోపు బండికి తరుగుదల 20 శాతం, రెండు నుంచి మూడేళ్లకు 30, మూడు నుంచి నాలుగేళ్లకు 40, నాలుగు నుంచి అయిదేళ్లకు 50 శాతం. థర్డ్ పార్టీ ప్రీమియం మాత్రం బండి పాతదైనా కొత్తదైనా ఒకటే. అది మొత్తం బరువును బట్టి నిర్ణయమవుతుంది. 7,500 కిలోలలోపు సరుకు వాహనానికి 2022 జూన్‌లో ఖరారైన రేటు 16,049 రూపాయలు.

చరిత్ర

తేలికపాటి డీజిల్ సరుకు వాహనాల చరిత్రలో సంగారెడ్డి జిల్లాకు సొంత స్థానం ఉంది. 1980లలో కేంద్ర ప్రభుత్వం జపాన్ కంపెనీల భాగస్వామ్యంతో నాలుగు సంస్థలకు ఈ రంగంలో అవకాశమిచ్చింది. డీసీఎం-టయోటా, స్వరాజ్-మజ్దా, ఐషర్-మిత్సుబిషితో పాటు నాలుగోది, నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ రంగ సంస్థ హైదరాబాద్ ఆల్విన్ నిస్సాన్‌తో కలిసి నెలకొల్పిన ఆల్విన్-నిస్సాన్. దాని కర్మాగారం జహీరాబాద్‌లో వెలిసింది. తర్వాత అది మహీంద్రా చేతికి వచ్చింది. ఆ సంస్థ జహీరాబాద్‌లో ఇప్పటికీ వాహనాలు, ట్రాక్టర్లు తయారు చేస్తోంది. హైదరాబాద్ చుట్టుపక్కల మధ్యరకం లారీని ఏ కంపెనీదైనా సరే డీసీఎం అనే పిలవడం ఆ నాలుగు సంస్థల కాలం నుంచి మిగిలిన అలవాటు.

1988లో టాటామొబైల్, ఆ తర్వాత టాటా 207 పికప్‌కు దారి వేశాయి. 2005లో వచ్చిన టాటా ఏస్ 702 సీసీ రెండు సిలిండర్ల డీజిల్ ఇంజిన్‌తో మూడు చక్రాల ట్రాలీల గిరాకీని తనవైపు తిప్పుకుంది. అశోక్ లేలాండ్, నిస్సాన్ ఉమ్మడిగా 2011లో దోస్త్‌ను తెచ్చాయి. టాటా యోధ 2017 జనవరిలో, ఇంట్రా 2019లో, బడా దోస్త్ 2020 సెప్టెంబరులో వచ్చాయి. బొలెరో మ్యాక్స్ పికప్ శ్రేణి 2022లో మొదలై 2023 ఏప్రిల్‌లో విస్తరించింది. ఇసుజు డీ-మ్యాక్స్ పికప్‌లు తయారయ్యే కర్మాగారం 2016 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో ప్రారంభమైంది.

ప్రాంతం, సరుకు, దారులు

తెల్లాపూర్ 2018లో పురపాలక సంఘమైంది. అప్పటిదాకా రామచంద్రాపురం మండలంలోని గ్రామ పంచాయతీ. ఒకవైపు బీహెచ్‌ఈఎల్, పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడలు ఉన్నాయి. మరోవైపు నల్లగండ్ల, ఉస్మాన్‌నగర్, కొల్లూరు దాకా విల్లాలు, బహుళ అంతస్తుల భవనాలు లేస్తున్నాయి. అందువల్ల ఇక్కడి పికప్‌లకు రెండు రకాల పని దొరుకుతుంది.

ఒకటి దగ్గరి తిరుగుడు. నీళ్ల క్యాన్లు, టైల్స్, ప్లైవుడ్, ప్లంబింగ్ సామాను, ఇల్లు మారేవాళ్ల సామాను ఇందులోకి వస్తాయి. అయిదారు కిలోమీటర్లు వెళ్లడం, గేటు దగ్గర ఆగడం, దించడం, మళ్లీ కదలడం ఈ పని తీరు. రెండోది దూరపు లోడు. ఫ్యాక్టరీల విడిభాగాలు, ఖాళీ డ్రమ్ములు, ప్యాకింగ్ అట్టలు, జహీరాబాద్ వైపు నుంచి కూరగాయలు 65వ నంబరు జాతీయ రహదారి మీదో, కొల్లూరు, ముత్తంగి దగ్గర ఎక్కే బాహ్య వలయ రహదారి మీదో గంటల తరబడి ఒకే వేగంతో నడుస్తాయి. ఏ సంవత్సరపు బండి కొనాలన్నది మొదట ఈ తేడా దగ్గరే తేలుతుంది. (చూడండి: బీఎస్-6 శుద్ధి వ్యవస్థ.)

ఉద్గార ప్రమాణాల వారీగా తరాలు

బీఎస్-3: హైదరాబాద్ సహా కొన్ని నగరాల్లో 2005లో, దేశమంతా 2010లో అమలైంది. ఈ తరం పికప్‌లలో చాలావాటికి యాంత్రిక డీజిల్ పంపు ఉంటుంది. పంపు, నాజిళ్లు విప్పి సరిచేసే మెకానిక్ ప్రతి ఊళ్లోనూ దొరుకుతాడు, కంప్యూటర్‌తో పని ఉండదు. కానీ ఈ బండ్లలో అత్యధికం పదిహేనేళ్ల హద్దుకు చేరువయ్యాయి, కొన్ని దాటేశాయి.

బీఎస్-4: 2010 ఏప్రిల్‌లో జాతీయ రాజధాని ప్రాంతంతో పాటు హైదరాబాద్ సహా 13 నగరాల్లో మొదలై, దశలవారీగా విస్తరించి, 2017 ఏప్రిల్ 1న దేశమంతా తప్పనిసరైంది. మధ్య కాలంలో రెండు ప్రమాణాల బండ్లూ పక్కపక్కనే అమ్ముడయ్యాయి కాబట్టి 2012 మోడల్, 2014 మోడల్ అన్నంత మాత్రాన ప్రమాణం తెలియదు. కామన్ రైల్ ఇంజెక్షన్, ఎలక్ట్రానిక్ నియంత్రణ ఈ తరంలో స్థిరపడ్డాయి. బొలెరో పికప్‌లోని 2,523 సీసీ ఎం2డీఐసీఆర్ ఇంజిన్ ఇందుకు ఉదాహరణ. కల్తీ డీజిల్ పోస్తే ఇంజెక్టర్లు దెబ్బతింటాయన్నది తప్ప ఈ తరానికి పెద్ద బలహీనత లేదు. పొగగొట్టంలో మసి వడపోత లేని పికప్‌లకు ఇదే చివరి తరం.

బీఎస్-6 మొదటి దశ: 2020 ఏప్రిల్ 1 నుంచి. దేశం బీఎస్-5ను వదిలేసి నేరుగా ఇక్కడికి దూకింది. డీజిల్‌లో గంధకం పరిమితి బీఎస్-3 కాలంలో పది లక్షల పాళ్లకు 350, బీఎస్-4లో 50 ఉండగా బీఎస్-6లో 10కి దిగింది. ఎన్-1లో బరువైన తరగతి డీజిల్ బండికి కిలోమీటరుకు నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి 0.39 గ్రాముల నుంచి 0.125కు, మసి రేణువుల పరిమితి 0.06 నుంచి 0.0045కు తగ్గింది. మసిని పదమూడో వంతుకు తగ్గించడం ఇంజిన్ సర్దుబాట్లతో అయ్యే పని కాదు. అందుకే పొగగొట్టంలోకి కొత్త పరికరాలు వచ్చాయి.

బీఎస్-6 రెండో దశ: 2023 ఏప్రిల్ 1 నుంచి. ప్రయోగశాలలోనే కాకుండా రోడ్డు మీద నడుస్తున్నప్పుడు కూడా పొగను కొలిచే పరీక్ష వచ్చింది. శుద్ధి పరికరాలు సరిగా పనిచేస్తున్నాయో లేదో బండి తనంతట తాను కనిపెట్టుకునే వ్యవస్థ కఠినమైంది.

అమెరికాలోనూ డీజిల్ పికప్ కొనేవారి లెక్క ఇలాంటి రెండు సరిహద్దుల చుట్టూ తిరుగుతుంది. అక్కడ మసి వడపోతను తెచ్చిన 2007, నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితిని బిగించిన 2010 మోడల్ సంవత్సరాలు ఆ హద్దులు.

బీఎస్-6 శుద్ధి వ్యవస్థ

ఇంజిన్ వదిలిన పొగ ముందు ఆక్సీకరణ ఉత్ప్రేరకం గుండా, తర్వాత డీపీఎఫ్ అనే మసి వడపోత గుండా వెళుతుంది. వడపోతలోని సన్నని రంధ్రాల గోడలు మసిని పట్టి ఉంచుతాయి. ముందు వెనకల ఒత్తిడి తేడాను బట్టి వడపోత ఎంత నిండిందో సెన్సారు అంచనా వేస్తుంది. నిండిన మసిని కాల్చివేయాలంటే పొగ ఉష్ణోగ్రత దాదాపు 600 డిగ్రీలకు చేరాలి. బండి హైవే మీద లోడుతో పోతుంటే కొంత మసి దానంతటదే కాలుతుంది. చాలనప్పుడు ఇంజిన్ కొంచెం డీజిల్‌ను అదనంగా చిమ్మి వేడి పెంచుతుంది. ఇదే రీజనరేషన్. ఇది ముగియాలంటే బండి సాధారణంగా పావుగంట, ఇరవై నిమిషాలు ఆగకుండా నడవాలి.

తెల్లాపూర్ అపార్ట్‌మెంట్లకు 20 లీటర్ల నీళ్ల క్యాన్లు వేసే బండికి ఆ అవకాశం దొరకదు. ప్లాంటులో లోడు ఎక్కించుకుని బయల్దేరుతుంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కకముందే మొదటి గేటు వస్తుంది. డ్రైవరు తాళం తిప్పి క్యాన్లు దించుతాడు. మళ్లీ రెండు వీధులు, మళ్లీ ఆపడం. రీజనరేషన్ మొదలైన ప్రతిసారీ మధ్యలోనే తెగిపోతుంది. కాలకుండా మిగిలిన డీజిల్ సిలిండర్ గోడల వెంట దిగి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది, ఆయిల్ పలచనవుతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం తగ్గవలసింది పోయి పెరగడం దీనికి మొదటి గుర్తు. మీటరులో డీపీఎఫ్ దీపం వెలుగుతుంది. దాన్ని పట్టించుకోకపోతే బండి శక్తి తగ్గించుకుని నెమ్మదిగానే కదులుతుంది. అప్పుడు స్కానర్ ఉన్న వర్క్‌షాపులో బలవంతంగా రీజనరేషన్ చేయించాలి. అదీ విఫలమైతే వడపోతనే మార్చాలి, అది ఖరీదైన భాగం. దీపం వెలగగానే బండిని ముత్తంగి దగ్గర వలయ రహదారి ఎక్కించి ఒకే వేగంతో నడిపితే చాలాసార్లు అక్కడితో సరిపోతుంది. ఈ విషయం అమ్మేటప్పుడు వివరించి చెప్పకపోవడం వల్ల నష్టపోయేది చిన్న యజమానే.

నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించడానికి కొన్ని మోడళ్లలో యూరియా ద్రవం వాడతారు. డీఈఎఫ్ అనే ఈ ద్రవంలో 32.5 శాతం శుద్ధమైన యూరియా, మిగతాది ఖనిజాలు తీసేసిన నీరు. ఎరువుల దుకాణంలోని యూరియా కలిపిన నీళ్లు దీనికి బదులు కావు, అవి ఉత్ప్రేరకాన్నీ ఇంజెక్టర్‌నూ పాడుచేస్తాయి. మరికొన్ని మోడళ్లు ఈ ద్రవం లేకుండా వేరే ఉత్ప్రేరకంతో పని నడిపిస్తాయి. డీజిల్ మూత పక్కన నీలం మూత ఉందో లేదో చూస్తే తేడా తెలుస్తుంది.

వాడిన బీఎస్-6 బండ్లలో వడపోతను కోసి తీసేసి, సాఫ్ట్‌వేర్ మార్చినవి కూడా అమ్మకానికి వస్తాయి. అలాంటి బండి నియమావళికి విరుద్ధం, కొనరాదు. పొగ పరీక్షలో కాంతి శోషణ గుణకం పరిమితి బీఎస్-4కు ముందు బండ్లకు మీటరుకు 2.45, బీఎస్-4కు 1.62, బీఎస్-6కు 0.7. వడపోత లేని బండి ఈ చివరి అంకెను దాటే అవకాశం ఎక్కువ. గొట్టం లోపల వేలు తిప్పితే బీఎస్-6 బండిలో నల్లమసి అంటకూడదు.

వయసు, చట్టం, ఖర్చు

సరుకు వాహనానికి మొదటి రెండేళ్ల తర్వాత, ఎనిమిదేళ్లు నిండేదాకా రెండేళ్లకోసారి, ఆపైన ఏటా ఫిట్‌నెస్ పరీక్ష (ఎఫ్‌సీ) చేయించాలి. 2018లో రిజిస్టర్ అయిన బండి 2026లోనూ, 2020 నాటిది 2028లోనూ ఏటా ఎఫ్‌సీకి వెళ్లే వరుసలో చేరతాయి. కాగితాల ఖర్చుతో పాటు బాడీ పాచింగు, రంగు, బ్రేకు పనులు, బండి నిలిచిపోయిన రోజుల కిరాయి కూడా ఈ లెక్కలోకి రావాలి. పదిహేనేళ్లు దాటిన వాహనాలకు ఫిట్‌నెస్ రుసుములను కేంద్రం 2022 ఏప్రిల్ 1 నుంచి బాగా పెంచింది. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలపై వచ్చిన ఆంక్షలు తెలంగాణకు వర్తించవు. అక్కడ వయసు మీరిన బండ్లు చవకగా దక్షిణాదికి రావడం మాత్రం కొనేవారు గుర్తుంచుకోవలసిన విషయం.

మొత్తం బరువు 3,000 కిలోలు మించని సరుకు వాహనానికి మోటారు వాహన చట్టం 66వ సెక్షన్ కింద పర్మిట్ అక్కరలేదు. ఒకే పేరుతో వచ్చిన పికప్‌లో 1.3 టన్నుల రకం ఈ హద్దులోపల, 1.7 టన్నుల రకం వెలుపల ఉండవచ్చు. పేరు చూసి కాక ఆర్‌సీలోని బరువు చూసి తేల్చుకోవాలి. 7,500 కిలోలలోపు రవాణా వాహనాన్ని తేలికపాటి వాహన లైసెన్సుతో నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న స్పష్టం చేసింది.

ఫైనాన్స్ సంస్థలు బండి వయసుకు రుణ కాలాన్ని కలిపి చూస్తాయి కాబట్టి బండి పాతబడేకొద్దీ వాయిదాల సంఖ్య తగ్గి నెలసరి భారం పెరుగుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు వాహనాలపై జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. అంతకుముందు కొన్న రెండు, మూడేళ్ల బండికి యజమాని తన పాత బిల్లు చూపి ధర చెబితే, దాన్ని ఇప్పటి కొత్త బండి ధరతో పోల్చాలి. కొత్త బండి కొనాలనుకునేవారికి ఎలక్ట్రిక్ వాహనాలపై తెలంగాణ 2024 నవంబరులో ప్రకటించిన పన్ను మినహాయింపు మరో దారి.

సంవత్సరాన్ని నిర్ధారించే పద్ధతి

నంబరు ప్లేటు మొదటి ఆధారం. పాత మెదక్ జిల్లా బండ్లకు ఏపీ 23, 2014 జూన్‌లో కొత్త రాష్ట్ర కోడ్ వచ్చాక టీఎస్ 15, 2024 మార్చి నుంచి టీజీ 15 వచ్చాయి. ఇది రిజిస్ట్రేషన్ కాలాన్నే చెబుతుంది. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన బండి విషయంలో అదీ చెప్పదు.

ఛాసిస్ నంబరు గట్టి ఆధారం. కుడివైపు ఫ్రేము మీద మట్టి, గ్రీజు గుడ్డతో తుడిచి, దాని మీద పలుచటి కాగితం ఆనించి పెన్సిల్‌తో రుద్దితే 17 అక్షరాలు పైకి తేలతాయి. మొదటి మూడు తయారీదారువి: ఎంఏ1 మహీంద్రా, ఎంఏటీ టాటా, ఎంబీ1 అశోక్ లేలాండ్. చాలా కంపెనీలు పదో స్థానంలో సంవత్సరాన్ని పెడతాయి. హెచ్ అంటే 2017, జె 2018, కె 2019, ఎల్ 2020, ఎం 2021, ఎన్ 2022, పి 2023, ఆర్ 2024, ఎస్ 2025. ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు. అంకెల వరుస వంకరగా ఉన్నా, వాటి చుట్టూ గ్రైండరు గీతలు కనిపించినా బేరం అక్కడే ఆపేయాలి.

మూడో ఆధారం షోరూం ఇచ్చిన 22వ నంబరు ఫారం. తయారీదారు ఏ ఉద్గార ప్రమాణానికి బండి చేశాడో అందులో ఉంటుంది. ఈ కాగితం ఎంత అవసరమో అనంతపురం జిల్లాలో 2020లో బయటపడిన కేసు చెబుతుంది. 2017లో తుక్కుగా అమ్మిన బీఎస్-3 లారీలను బీఎస్-4గా చూపి నాగాలాండ్‌లో రిజిస్టర్ చేయించారన్నది అందులోని అభియోగం, దానిపై ఈడీ కూడా దర్యాప్తు చేసింది. అలాంటి బండి చేతులు మారి వస్తే చివరి కొనుగోలుదారే ఇరుక్కుంటాడు.

ఇవి సరిపోయాక ఫైనాన్స్ తీరిందన్న 35వ ఫారం, బదిలీకి 29, 30 ఫారాలు, వేరే కార్యాలయం పరిధి బండి అయితే ఎన్‌వోసీ, చలాన్ల బకాయి చూసుకోవాలి. బండి కింద దూరి కమాన్ పట్టీలు చూడడం మరిచిపోరాదు. ఫ్యాక్టరీ ఇచ్చినదానికి మించి పట్టీలు చేర్చి ఉంటే ఆ బండి అధిక లోడుతో తిరిగినట్టే. తక్కువ కిలోమీటర్ల 2022 బండికంటే పట్టీలు కదలని 2019 బండి మేలనిపించేది ఇక్కడే.

సరిహద్దు నెలల బండ్లు

ప్రమాణాలు మారిన రోజుల చుట్టూ ఉన్న బండ్లకు ప్రత్యేక జాగ్రత్త కావాలి. బీఎస్-3 వాహనాల అమ్మకాన్ని, రిజిస్ట్రేషన్‌ను 2017 ఏప్రిల్ 1 నుంచి నిషేధిస్తూ సుప్రీంకోర్టు మార్చి 29న ఆదేశించింది. మిగిలిన రెండు రోజుల్లో దేశవ్యాప్తంగా భారీ తగ్గింపులతో నిల్వలు అమ్ముడయ్యాయి. కాబట్టి ఇతర రాష్ట్రాల నుంచి వచ్చే 2017 మోడళ్లలో బీఎస్-3 బండ్లు కలిసి ఉంటాయి.

బీఎస్-4 విషయంలో 2018 అక్టోబరు 24 నాటి తీర్పు 2020 మార్చి 31ని గడువు చేసింది. సరిగ్గా అప్పుడే లాక్‌డౌన్ వచ్చింది. గడువు పెంచుతూ ఇచ్చిన ఉత్తర్వును కోర్టు జులైలో వెనక్కి తీసుకుంది. గడువులోపు అమ్మి, ఆన్‌లైన్‌లో నమోదు చేసిన వాటికే ఆగస్టులో రిజిస్ట్రేషన్‌కు అనుమతి దొరికింది.

ఎంపిక

దగ్గరి తిరుగుడుకే బండి కావాలంటే, డీజిలే కొనాలనుకుంటే, 2018, 2019ల బీఎస్-4 మోడళ్లు సరైనవి. ఏటా ఎఫ్‌సీ ఖర్చు ఉన్నా డీపీఎఫ్ బాధ ఉండదు. అదే పనికి కొత్త బండి కొనే స్తోమత ఉంటే సీఎన్‌జీ, ఎలక్ట్రిక్ రకాలను ముందు చూడాలి. ఆగి ఆగి నడిచే పనికి కొత్త డీజిల్ తగదు.

జహీరాబాద్, వలయ రహదారి, అంతర్రాష్ట్ర లోడ్లకు బీఎస్-6 బండే మేలు. 2023 ఏప్రిల్ తర్వాత తయారైన రెండో దశ మోడల్ దొరికితే దానికే మొగ్గాలి. మొదటి దశలో 2020 మధ్యలో వచ్చిన తొలి బ్యాచ్‌లకంటే 2021, 2022 బండ్లు నయం. వాటికి కూడా కంపెనీ వర్క్‌షాపు సర్వీసు చరిత్ర చూశాకే డబ్బు ముట్టజెప్పాలి. బీఎస్-3 బండి పొలం పనులకు తప్ప కిరాయి వ్యాపారానికి ఇక లాభం కాదు.

2020 ఏప్రిల్ తర్వాత తొలి రిజిస్ట్రేషన్ జరిగిన బీఎస్-4 పికప్‌ను, మార్చి 31లోపు అమ్మిన అసలు ఇన్‌వాయిస్ చూపకపోతే, ఎంత చవకగా వచ్చినా కొనరాదు.